నీటిమొక్కల అక్వేరియంలో శైవలాల నియంత్రణ: ఫాస్ఫేటు సిద్ధాంతం – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

మొక్కలు పెంచే మంచినీటి అక్వేరియంలో శైవలాలు విజృంభించినప్పుడు నీటిలోని పోషకాలను, ముఖ్యంగా ఫాస్ఫేటును, తగ్గించాలన్న సూచన తరచుగా వినిపిస్తుంది. ఈ సూచనకు మూలం సరస్సుల అధ్యయనంలో ఉంది. సరస్సు విషయంలో రుజువైన సూత్రం మొక్కలతో నిండిన గాజుతొట్టికి ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పోషకాల లేమి శైవలాల కంటే ముందుగా మొక్కలనే దెబ్బతీస్తుందని, శైవలాల నియంత్రణకు కాంతిని కార్బన్ లభ్యతకు తగినట్లు పరిమితం చేసి మొక్కల ఎదుగుదలను నిలకడగా ఉంచడమే ఆధారమని ప్రతిపాదిస్తుంది. రసాయనాల వాడకం వల్ల, పాచితినే చేపల ఎంపిక వల్ల తొట్టి లోపలా వెలుపలా కలిగే పర్యవసానాలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: శైవలాలు, నీటిమొక్కలు, అక్వేరియం, ఫాస్ఫేటు, పరిమితి కారకం, కార్బన్ డయాక్సైడ్, ఆక్రమణ జాతులు.

1. ఉపోద్ఘాతం

కళాశాలల వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలలో అక్వేరియం అలంకార వస్తువు మాత్రమే కాదు. కిరణజన్య సంయోగక్రియను నిరూపించే ప్రయోగానికి హైడ్రిల్లా, జలపరాగ సంపర్కాన్ని వివరించడానికి వాలిస్నేరియా, వేళ్లులేని మునక మొక్కకు ఉదాహరణగా సెరటోఫిల్లం అక్కడ పెరుగుతూ ఉంటాయి. ఈ మూడూ మన చెరువులలో, కాలువలలో సహజంగా కనిపించేవే. తొట్టిని అమర్చిన కొన్ని వారాలకు అద్దాల మీద పచ్చని చుక్కలు, ఆకుల అంచున నల్లని కుచ్చులు, ఇసుక మీద జిగురు పొరలు కనిపించడం కూడా అంతే సాధారణం. నీరు మార్చడం, తొట్టిని కడగడం, మందు వేయడం, మళ్లీ పాచి పట్టడం అనే వలయంలో ఎన్నో తొట్లు చివరకు మూలపడతాయి.

ఈ వైఫల్యానికి శ్రద్ధాలోపం కంటే కారణాన్ని తప్పుగా గుర్తించడమే ఎక్కువగా దారితీస్తుంది. పాచి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ‘పోషకాలు ఎక్కువయ్యాయి’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ సమాధానం ఎక్కడి నుండి వచ్చిందో, ఏ పరిస్థితులలో నిజమో తెలుసుకుంటే నియంత్రణ పద్ధతి కూడా మారుతుంది.

2. పాచి అనే మాట కింద ఉన్న జీవులు

వాడుకలో నాచు, పాచి, పాకుడు అని పిలిచేవన్నీ ఒకే వర్గానికి చెందినవి కావు. అక్వేరియంలో కనిపించేవాటిని నాలుగు సమూహాలుగా చూడవచ్చు.

మొదటిది డయాటమ్‌లు. కొత్తగా అమర్చిన తొట్టిలో అద్దాల మీద, ఆకుల మీద గోధుమరంగు పొరగా ఏర్పడతాయి. వీటి కణకవచం సిలికాతో నిర్మితమవుతుంది. చేతితో తుడిస్తే సులభంగా పోతాయి. తొట్టి కుదురుకున్న కొద్దీ చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి.

రెండవది ఆకుపచ్చ శైవలాలు. నీటిని పచ్చగా మార్చే క్లోరెల్లా వంటి ఏకకణ జీవులు, స్పైరోగైరా, ఈడోగోనియం, క్లాడోఫోరా వంటి తంతురూప జాతులు ఇందులో ఉన్నాయి. వర్ణద్రవ్యాల దృష్ట్యా ఇవి మొక్కలకు దగ్గరి బంధువులు. మొక్కకు ఏవి అవసరమో వీటికీ అవే అవసరం.

మూడవది ఎరుపు శైవలాలు. ఆకుల అంచులను, రాళ్లను, ఫిల్టరు గొట్టాలను పట్టుకొని నల్లని కుచ్చులుగా పెరిగే ఆడౌనెల్లా, జింక కొమ్ముల వలె చీలే కంప్సోపోగాన్ ఈ కోవలోనివి. చూడటానికి నలుపు లేదా బూడిదరంగులో ఉన్నా, ఆల్కహాలులో ముంచితే పత్రహరితం కరిగిపోయి ఎర్రని వర్ణం బయటపడుతుంది. ప్రయోగశాలలో విద్యార్థులకు చూపదగిన సులభమైన పరీక్ష ఇది.

నాలుగవది నీలి ఆకుపచ్చ శైవలాలుగా పేరుపడిన సయనోబాక్టీరియా. ఆసిలటోరియా వంటివి ఇసుకను, మొక్కలను జిగురు పొరగా కప్పివేస్తాయి. మట్టివాసన వస్తుంది. ఇవి నిజమైన శైవలాలు కావు, బాక్టీరియాలు. వీటిలో కొన్ని జాతులు వాతావరణ నత్రజనిని స్థాపించగలవు. కాబట్టి నీటిలో నైట్రేటు లేకుండా చేసినంత మాత్రాన అవి అదుపులోకి రావు. పైగా నైట్రేటు లేమితో మొక్కలు నీరసించిన తొట్టిలో వీటికి పోటీ తగ్గుతుంది.

అవసరాలు, బలహీనతలు వేరువేరుగా ఉన్న ఈ నాలుగు సమూహాలను ఒకే మందుతో తొలగించవచ్చునన్న ఆశకు శాస్త్రీయమైన ఆధారం లేదు.

3. సరస్సు నేర్పిన పాఠం

పోషకాలకు శైవలాలకు ఉన్న సంబంధాన్ని అత్యంత స్పష్టంగా చూపిన ప్రయోగం కెనడాలోని ఒంటారియోలో జరిగింది. అక్కడి ప్రయోగాత్మక సరస్సుల ప్రాంతంలోని 226వ సంఖ్య సరస్సును డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఒక తెరతో రెండు భాగాలుగా విడదీసింది. ఒక భాగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండవ భాగంలో వాటికి ఫాస్ఫరస్‌ను కూడా చేర్చారు. ఫాస్ఫరస్ అందిన భాగం సయనోబాక్టీరియాతో పచ్చబడింది. మరొక భాగం తేటగానే ఉండిపోయింది. 1974లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితం డిటర్జెంట్లలో ఫాస్ఫేటును నియంత్రించాలన్న వాదానికి బలమైన ఆధారమైంది. యూట్రోఫికేషన్ చర్చలో ఫాస్ఫరస్‌కు కేంద్రస్థానం ఏర్పడింది.

ఈ ప్రయోగం వెనుక ఉన్న సూత్రం పాతదే. అవసరమైన వాటిలో ఏది అతి తక్కువగా లభిస్తుందో అదే ఎదుగుదలను నిర్ణయిస్తుందన్న కనిష్ఠ నియమాన్ని 19వ శతాబ్దంలో స్ప్రెంగెల్, లీబిగ్‌లు వ్యవసాయానికి అన్వయించారు. ఆ సరస్సులో అతి తక్కువగా ఉన్నది ఫాస్ఫరస్.

ఇదే సూత్రాన్ని కొల్లేరు పరిసరాల చేపల చెరువులలో వేరే ప్రయోజనానికి వాడుతున్నారు. చెరువును సిద్ధం చేసేటప్పుడు కలుపు మొక్కలను తొలగించి, పేడను, సూపర్ ఫాస్ఫేటును వేసి ప్లవకాలను పెంచుతారు. బొచ్చె, శీలావతి వంటి చేపలకు అది సహజాహారం. నీటి రంగును బట్టి ప్లవకాల స్థితిని రైతు అంచనా వేస్తాడు. అక్వేరియం పోషకుడు తొలగించాలనుకునే పచ్చదనాన్నే చేపల రైతు కోరి తెచ్చుకుంటాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఫాస్ఫేటు వేయడానికి ముందు రైతు మొక్కలను తీసివేస్తాడు.

4. 1996 నాటి ప్రతిపాదన

సరస్సుల పాఠాన్ని అక్వేరియానికి పద్ధతి ప్రకారం అన్వయించినవారు పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్. మొక్కలున్న అక్వేరియాలలో శైవలాల నియంత్రణపై 1996లో వెలువరించిన వ్యాసంలో వారు ఫాస్ఫేటును పరిమితి కారకంగా ఉంచాలని ప్రతిపాదించారు. నైట్రేటు, పొటాషియం, సూక్ష్మపోషకాలను మొక్కలకు విడిగా అందించాలి. ఫాస్ఫేటును మాత్రం కలపరాదు. చేపల మేత ద్వారా వచ్చే కొద్దిపాటి ఫాస్ఫేటును చురుకుగా ఎదిగే మొక్కలు గ్రహించి నిల్వ చేసుకుంటాయి. శైవలాలకు మిగలదు. ఇదీ వారి తర్కం.

ఈ ప్రతిపాదన అంతకుముందున్న ఆలోచనలో ముఖ్యమైన మార్పును తెచ్చింది. అప్పటివరకు ఎరువు అంటేనే పాచి అన్న భయం ఉండేది. శైవలాలను అదుపు చేయాలంటే మొక్కలకు ఆహారం పెట్టాలన్న దృష్టిని ఈ వ్యాసం ప్రచారంలోకి తెచ్చింది. మొక్కలను పోటీదారులుగా నిలబెట్టడం దాని శాశ్వతమైన కానుక. ఫాస్ఫేటును పరిమితం చేయడమన్న భాగమే తరువాతి కాలంలో వివాదానికి గురైంది.

5. ఎదురైన అనుభవం, దాని వివరణ

టామ్ బార్ తదితరులు ఫాస్ఫేటును కావాలని కలిపి చూశారు. కార్బన్ డయాక్సైడ్ తగినంతగా అందుతూ మొక్కలు దట్టంగా ఉన్న తొట్లలో లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు, 5 నుండి 30 మిల్లీగ్రాముల నైట్రేటు ఉంచినా శైవలాలు విజృంభించలేదన్నది వారి పరిశీలన. ఫాస్ఫేటు మరీ తగ్గిన తొట్లలో అద్దాల మీద పచ్చని చుక్కలు ఎక్కువవుతాయన్నది కూడా అక్వేరియం పోషకులలో విస్తృతంగా ఉన్న అనుభవం. ఈ పరిశీలనలు షిండ్లర్ ఫలితాన్ని ఖండిస్తున్నట్లు పైకి కనిపిస్తాయి. నిజానికి రెండింటి మధ్య వైరుధ్యం లేదు. అందుకు మూడు కారణాలను చెప్పవచ్చు.

మొదటిది పరిమాణం. శైవలకణం అతి చిన్నది. దాని ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ. కాబట్టి అతి పలుచని ద్రావణం నుండి కూడా పోషకాలను గ్రహించగలదు. పెద్ద ఆకు చుట్టూ కదలని నీటిపొర మందంగా ఉంటుంది. ఆ పొరను దాటి పోషకాలు, వాయువులు నెమ్మదిగా విసరణ చెందాలి. నీటిలో పోషకాలు అడుగంటినప్పుడు ముందుగా ఆకలి తెలిసేది మొక్కకే. నిల్వలు ఉన్నంతవరకు అది తట్టుకుంటుంది. ఆ తరువాత ముదురు ఆకుల నుండి లేత ఆకులకు పోషకాలను తరలిస్తుంది. శిథిలమయ్యే ముదురు ఆకు సేంద్రియ పదార్థాలను నీటిలోకి వదులుతూ, శైవలాలకు ఆహారంగానూ ఆధారంగానూ మారుతుంది.

రెండవది స్థితుల భేదం. లోతు తక్కువ సరస్సులు ఒకే పోషక స్థాయిలో రెండు రకాల సమతాస్థితులలో ఉండగలవని మార్టెన్ షెఫర్, ఆయన సహరచయితలు 1993లో వివరించారు. ఒకటి మొక్కలు ఆవరించిన తేటనీటి స్థితి. రెండవది ప్లవకాలతో నిండిన మసకనీటి స్థితి. ఏ స్థితి ఉంటే అది తనను తాను నిలుపుకొనే ప్రయత్నం చేస్తుంది. మొక్కలు పోషకాలను తీసుకొని, ప్లవకాలను తినే సూక్ష్మజంతువులకు ఆశ్రయమిచ్చి నీటిని తేటగా ఉంచుతాయి. ప్లవకాలు కాంతిని అడ్డగించి మొక్కలను అణచివేస్తాయి. మొక్కలను తీసివేసిన చేపల చెరువు, మొక్కలతో నిండిన అక్వేరియం ఒకే ఫాస్ఫేటుకు వేరువేరుగా స్పందించడానికి కారణం ఇదే.

మూడవది పరిమితి కారకంలోని తేడా. 226వ సరస్సులో ఎండకు, వాతావరణం నుండి చేరే కార్బన్‌కు కొరత లేదు. ఫాస్ఫరస్ ఒక్కటే తక్కువ. చేపలు, మేత ఉన్న అక్వేరియంలో ఫాస్ఫేటు సాధారణంగా ఎంతోకొంత ఉండనే ఉంటుంది. కొరత ఏర్పడేది చాలావరకు కార్బన్‌కు.

6. కాంతి, కార్బన్: అసలైన మీట

కిరణజన్య సంయోగక్రియ రేటును ఆ సమయంలో అతి తక్కువగా ఉన్న కారకమే నిర్ణయిస్తుందని బ్లాక్‌మన్ 1905లో సూత్రీకరించాడు. అక్వేరియంలో ఈ సూత్రం ప్రతిరోజూ పనిచేస్తుంది. గాలితో సమతాస్థితిలో ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు అర మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది. గాలిలో కంటే నీటిలో దాని విసరణ దాదాపు 10,000 రెట్లు నెమ్మది. ఇటువంటి నీటి మీద శక్తిమంతమైన ఎల్‌ఈడీ దీపాన్ని అమర్చితే మొక్క ఆ కాంతిని వినియోగించుకోలేదు. అతి తక్కువ కార్బన్‌తో సరిపెట్టుకోగల శైవలాలు, బైకార్బొనేటును వాడుకోగల శైవలాలు ఆ మిగులు కాంతిని సొంతం చేసుకుంటాయి. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి కొన్ని మొక్కలు కూడా బైకార్బొనేటును వాడుకోగలవు. నీటినాచు మొక్కలతో సహా అనేక మొక్కలకు ఆ శక్తి లేదు. బోరునీటి వంటి కాఠిన్యం గల నీటిలో హైడ్రిల్లా, వాలిస్నేరియాలు సులభంగా నిలదొక్కుకోవడానికి ఇదొక కారణం.

కాబట్టి కాంతిని యంత్రానికి ఇంధనం అందించే మీటగా భావించాలి. మీటను ఎంత తిప్పితే కార్బన్, నత్రజని, ఫాస్ఫరస్, పొటాషియం, ఇనుముల అవసరం అంత పెరుగుతుంది. ఈ దృష్టితో చూస్తే రెండు భిన్న సంప్రదాయాలు ఒకే నియమాన్ని పాటిస్తున్నట్లు తెలుస్తుంది. డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రచురించిన ‘ఎకాలజీ ఆఫ్ ది ప్లాంటెడ్ అక్వేరియం’ అనే గ్రంథంలో తోటమట్టి, మితమైన కాంతి, తేలియాడే మొక్కలతో, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేకుండా తొట్టిని నడిపే విధానాన్ని వివరించారు. బార్ పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్, పోషకాలు సమృద్ధిగా ఉంటాయి. ఒకటి కాంతిని కార్బన్‌కు తగినట్లు తగ్గిస్తుంది. మరొకటి కార్బన్‌ను కాంతికి తగినట్లు పెంచుతుంది. ఎక్కువ కాంతి, తక్కువ కార్బన్ ఉన్న మధ్యస్థితిలోనే శైవలాలు గెలుస్తాయి.

7. ఆచరణీయ పద్ధతులు

*కాంతి:* కొత్త తొట్టిలో దీపాన్ని రోజుకు 6 గంటలకు, కుదురుకున్న తరువాత 8 గంటలకు పరిమితం చేయడం మంచిది. కిటికీ పక్కన తొట్టిని ఉంచితే ఎండ ఈ లెక్కను తారుమారు చేస్తుంది. శైవలాలు పెరుగుతున్నప్పుడు ముందుగా తగ్గించవలసినది కాంతినే.

*కార్బన్:* సిలిండరు ద్వారా వాయువును అందించే తొట్టిలో దాని గాఢతను పీహెచ్, కార్బొనేట్ కాఠిన్యాల నుండి అంచనా వేయవచ్చు. జర్మన్ డిగ్రీలలో ఉన్న కార్బొనేట్ కాఠిన్యాన్ని 3తో గుణించి, ఆ ఫలితాన్ని 10కి ‘7 నుండి పీహెచ్ తీసివేయగా వచ్చిన సంఖ్య’ను ఘాతంగా వేసి గుణించాలి. కాఠిన్యం 4 డిగ్రీలు, పీహెచ్ 6.6 అయితే లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు వస్తుంది. నీటిలో కార్బొనేటు తప్ప ఇతర బఫర్లు లేనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. ఈ స్థాయి మించితే చేపలు ఉపరితలానికి వచ్చి రొప్పుతాయి. రాత్రివేళ మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను వినియోగించవు కనుక అప్పుడు సరఫరాను నిలపాలి. పగటివేళ సరఫరా హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలి. నల్లని కుచ్చుల శైవలం ఈ హెచ్చుతగ్గులున్న తొట్లలో ఎక్కువగా కనిపిస్తుందని పోషకుల అనుభవం చెబుతోంది.

*మొక్కలు:* మొదటి రోజునుండే తొట్టిలో అధికభాగాన్ని మొక్కలతో నింపాలి. హైడ్రిల్లా, సెరటోఫిల్లం వంటి వేగంగా పెరిగే మొక్కలు అమ్మోనియాను త్వరగా గ్రహిస్తాయి. తేలియాడే మొక్కలకు గాలిలోని కార్బన్ నేరుగా అందుతుంది. అవి నీడను కూడా ఇస్తాయి. శిథిలమైన ఆకులను వెంటనే తొలగించాలి.

*నీటి మార్పు:* నత్రీకరణ బాక్టీరియా స్థిరపడటానికి కొత్త తొట్టిలో కొన్ని వారాలు పడుతుంది. ఆ కాలంలో చేపలను తక్కువగా ఉంచి నీటిని తరచుగా మార్చాలి. పోషకాలు పేరుకుపోతాయన్న భయానికి సులభమైన గణితం సమాధానమిస్తుంది. వారానికి ఒక నిర్ణీత మోతాదును వేస్తూ వారానికొకసారి సగం నీటిని మార్చితే, మొక్కలు ఏమీ గ్రహించకపోయినా, నీటిలోని గాఢత ఆ మోతాదుకు రెట్టింపును మించదు. ఒకటి, అందులో సగం, దానిలో సగం అంటూ సాగే గుణశ్రేణి మొత్తం రెండే కదా.

*శాకాహార జీవులు:* అమానో రొయ్య, నెరైట్ నత్త, ఆటోసింక్లస్ చేప పాచిని తింటాయి. జపాన్‌కు చెందిన అక్వేరియం రూపశిల్పి తకాషి అమానో వల్ల ప్రసిద్ధి పొందిన ఆ రొయ్య లార్వాలకు ఉప్పు కలిసిన నీరు కావాలి. కాబట్టి మంచినీటి తొట్టిలో వాటి సంతతి పెరగదు. ఈ జీవులు మిగిలిన కొద్దిపాటి పాచిని అదుపులో ఉంచగలవు. కాంతి, కార్బన్‌ల అసమతుల్యతను సరిచేయలేవు.

8. రసాయనాలు: లక్షణానికి చికిత్స

రాగి లవణాలు శైవలాలను చంపుతాయి. రొయ్యలను, నత్తలను కూడా చంపుతాయి. ద్రవ కార్బన్ పేరుతో అమ్మే ద్రావణాలలో చాలావాటిలో ఉండే గ్లూటరాల్డిహైడ్ ఆసుపత్రులలో పరికరాలను క్రిమిరహితం చేయడానికి వాడే పదార్థం. దాని ప్రభావానికి వాలిస్నేరియా దెబ్బతినడం పోషకులకు తెలిసిన విషయమే. సయనోబాక్టీరియాకు ఎరిత్రోమైసిన్ వాడే అలవాటు కూడా ఉంది. యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న కాలంలో అలంకార తొట్టి కోసం ఆ మందును నీటిలో కలిపి మురుగుకాలువలోకి వదలడం సమర్థనీయం కాదు. జిగురు పొరలను గొట్టంతో పీల్చివేసి, తొట్టిని మూడు రోజులపాటు పూర్తి చీకటిలో ఉంచి, తరువాత నీటిని మార్చితే అదే ఫలితం చాలాసార్లు లభిస్తుంది.

ఏ రసాయనమైనా ఒకేసారి శైవలాలను పెద్ద ఎత్తున చంపితే మరొక ప్రమాదం ఉంది. చనిపోయిన కణాలు కుళ్లేటప్పుడు కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. వాటిలోని పోషకాలు తిరిగి నీటిలో చేరతాయి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. తెలుగు రాష్ట్రాల వేసవిలో ఈ తేడా చేపల ప్రాణాలను నిర్ణయించగలదు.

9. తొట్టి దాటిన సమస్య

పాచికి పరిష్కారంగా దుకాణాలలో తరచుగా సూచించేది సక్కర్ చేప. టెరిగోప్లిక్తిస్ ప్రజాతికి చెందిన ఈ దక్షిణ అమెరికా చేపను వేలెడంత పిల్లగా అమ్ముతారు. అది 40 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఎదిగిన చేప మొక్కలను పెళ్లగిస్తుంది. తాను తినే పాచికంటే తన వ్యర్థాల ద్వారా ఎక్కువ భారాన్ని తొట్టిపై మోపుతుంది. అప్పుడు యజమాని దానిని దగ్గరి చెరువులోనో కాలువలోనో వదిలివేస్తాడు. గట్టి కవచం ఉన్న ఈ చేప గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ముళ్లతో వలలను చించుతుంది. స్థానిక చేపల ఆహారానికి పోటీ అవుతుంది. తెలుగు రాష్ట్రాల జలాశయాలలో మత్స్యకారుల వలలకు ఇది చిక్కడం ఇప్పుడు అరుదు కాదు. తూర్పు కనుమల జలవనరులలో దీని ఉనికిని నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా గుర్తించే విధానాన్ని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించారు. గాజుతొట్టిలోని పాచికి వెతికిన తేలిక మార్గం నదిలోని జీవవైవిధ్యానికి, మత్స్యకారుని జీవనోపాధికి నష్టంగా పరిణమించిన తీరు ఇది.

10. ముగింపు

ఫాస్ఫరస్ శైవలాల ఎదుగుదలకు కారణమన్న షిండ్లర్ నిరూపణ సరస్సుల విషయంలో నిలిచే ఉంది. మొక్కలను పోటీదారులుగా నిలబెట్టాలన్న సియర్స్, కాన్లిన్‌ల ఆలోచన అక్వేరియం విషయంలో నిలిచింది. నిలవనిది మొక్కల తొట్టిని చిన్న సరస్సుగా భావించి ఫాస్ఫేటును అడుగంటించాలన్న అన్వయం మాత్రమే. ఒక వ్యవస్థలో పరిమితి కారకమైనది మరొక వ్యవస్థలోనూ పరిమితి కారకం కావాలన్న నియమం లేదు. ఆవరణశాస్త్ర బోధనలో విద్యార్థులకు అందించవలసిన ముఖ్యమైన అవగాహన ఇది. ఒకే నీటితో, ఒకే పోషకాలతో నింపిన రెండు తొట్లలో ఒకదానికి 6 గంటలు, మరొకదానికి 12 గంటలు కాంతినిచ్చి ఒక సెమిస్టరు పాటు గమనిస్తే ఈ అవగాహన ప్రయోగరూపంలోనే సిద్ధిస్తుంది. శైవలాలు పెరుగుతున్న తొట్టిలో ముందుగా అడగవలసిన ప్రశ్న వాటిని చంపడం ఎలా అన్నది కాదు. మొక్కల ఎదుగుదల ఎందుకు ఆగిందన్నది.